పద్నాలుగు గుంజలు

రోడ్లు, రాకపోకల శాఖ అధికారి గారి సముఖానికి, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు మేడమీద కాపురముంటున్న ఇల్లాలు రాసుకున్న విన్నపం.

అయ్యా,

విషయం: మా వీధిలో సైకిళ్ళ కోసం వేసిన పచ్చ దారి అంచున ఉండి, తరువాత తీసివేయబడిన పద్నాలుగు ప్లాస్టిక్ గుంజలను మళ్ళీ పాతించవలసిందనీ, వచ్చే సోమవారం జరిగే విచారణలో ఆ దారిని చెరిపివేయవద్దనీ, మా వీధివారు లోగడ ఇచ్చిన అర్జీలోని నాలుగో అంశం పచ్చి అబద్ధమనీ మనవి.

సూచిక: సదరు అర్జీ. సంతకాలు ముప్పై ఒకటి. దస్తూరి నాది.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునదేమనగా, ఈ మాటలు నావి కావండి. ఇవి మా వీధంతా మావయ్య అని పిలిచే పరుపుల కొట్టు పెద్దాయనవి. ఆయన వయసులో ఉండగా ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేశారు. పోయినసారి ఆయన చెబుతుంటే నేను రాశాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. మా నాన్న బోర్డులు రాసేవాడు కనుక అక్షరాలు మాత్రం గుండ్రంగా వస్తాయి. వీధిలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా మా మెట్లెక్కి వస్తారు. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. అందుకే విచారణలో లేచి చెప్పడం మాని ఇలా రాస్తున్నాను. పోయినసారి మాటలు ఆయనవి, అక్షరాలు నావి. ఈసారి రెండూ నావే. తప్పులుంటే మన్నించండి.

1. మా వీధికి ఒక చివర ఆసుపత్రి, ఇంకో చివర పెద్ద కూడలి. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా బళ్ళు కదలవు, హారన్లు మాత్రం ఆగవు. మా అత్తయ్య ఎప్పుడూ అంటుంది, "ఈ వీధిలో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోవడానికి కూడా వీల్లేదే అమ్మాయ్, ఎవరు ఏమన్నారో తెలిసి చావదు" అని. తమరు పోయిన ఏడాది రోడ్డుకి ఒక వైపు పచ్చ రంగు వేయించి, అంచున నారింజ రంగు గుంజలు బిగించారు. మొదటి వారం దానిమీద ఎవరూ వెళ్ళలేదు. "కోళ్ళు నడవడానికి వేశారా ఏమిటి?" అని మావయ్య నవ్వారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

రెండో వారం నుంచి ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ సైకిల్ మీద రావడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆరూ ముప్పావుకి మా కిటికీ కింద గంట కొట్టేది. ఆ గంట వినే నేను పొయ్యి వెలిగించేదాన్ని. ఒకసారి తలెత్తి చూసి చెయ్యి ఊపింది. నేను సిగ్గుపడి పక్కకి తప్పుకున్నాను. మర్నాడు మళ్ళీ నిలబడ్డాను. నెల తిరిగేసరికి ఆవిడ వెనక ఇంకో ముగ్గురు నర్సులు కనిపించారు.

2. మా కష్టం కూడా నిజమే, అది అబద్ధం కాదు. గుంజలు వచ్చాక మా కొట్టు ముందు ఆటో ఆగే వీలు లేకపోయింది. మిషన్లు మందుల షాపు మూలన దించేవారు. అక్కడినుంచి మా కొట్టుకి నూట నలభై అడుగులు, నేను లెక్కపెట్టాను. పెద్ద మిషన్ తల ఒక్కటే ముప్పై కిలోలు ఉంటుంది. మా ఆయన ఒక్కొక్కటే గుండెలకి హత్తుకుని మోసేవారు. సాయంత్రం నేల మీద బోర్లా పడుకుంటే నడుముకి వేడి గుడ్డతో కాపడం పెట్టేదాన్ని. "పొద్దున ఎత్తుకున్న మిషన్ ఇంకా దించనట్టే ఉందే" అనేవారు.

3. అబద్ధం ఎలా పుట్టిందో చెబుతాను. ఒక ఆదివారం కొట్లవాళ్ళంతా మా కొట్టులో చేరారు. నేను లోపలి గుమ్మం దగ్గర కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

"సామాను దించడానికి చోటు లేదని రాస్తే ఏ ఆఫీసరూ కదలడు. రక్తం చూపించాలి" అన్నారు మావయ్య.

"రక్తమా?" అని మా ఆయన బెదిరిపోయారు.

"నీది కాదులేరా. ఆ గుంజల వల్ల ఎవరికైనా దెబ్బ తగిలినట్టుండాలి అంటున్నా."

అంతలో అత్తయ్య టీ ఏదని అడగడానికి మెట్లు దిగి వచ్చింది. కుడి మణికట్టుకి సిమెంటు కట్టు ఉంది. అందరూ ఒక్కసారే ఆ కట్టు వైపు చూశారు.

"నా చెయ్యి కేసి అట్లా చూస్తారేంట్రా, ఎత్తుకుపోతారా?" అంది.

అయ్యా, ఆ చెయ్యి విరిగింది గుంజ తగిలి కాదు. అంతకు ఎనిమిది రోజుల ముందు మా స్నానాలగదిలో విరిగింది. నేను బట్టలు ఉతికి, సబ్బునీళ్ళు కడగకుండా వదిలేసి, పొయ్యి మీద ఏదో మాడుతోందని పరిగెత్తాను. వెనకాల అత్తయ్య వస్తోందని చూసుకోలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ మా ఆడపడుచు రోజూ ఫోన్ చేసి "అసలెట్లా పడ్డావమ్మా? ఆ పిల్ల ఎక్కడుంది అప్పుడు?" అని అడిగేది. అడిగినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళి నిలబడేదాన్ని.

ఆ చెయ్యి గుంజ తగిలే విరిగిందని రాద్దామన్నారు మావయ్య. అది విని అత్తయ్య, "కోడలి సబ్బునీళ్ళ మీద పడ్డానని చెప్పుకునే కంటే గవర్నమెంటు గుంజ మీద పడ్డానని చెప్పుకోవడమే మర్యాదగా ఉంది. రాసుకోండి" అంది. నాకేసి చూసి కన్ను కూడా గీటింది. నన్ను కాపాడాననుకుంది పిచ్చి మనిషి. నేను రాశాను. "సదరు గుంజలలో ఒకదానికి తట్టుకొని, అరవై రెండేళ్ళ వృద్ధురాలు నేలపాలై, మణికట్టు విరిగి, నేటికిని మంచమునకే పరిమితమై యున్నది" అని. అది రాస్తుంటే మంచానికి పరిమితమైన ఆ మనిషి నా భుజం మీదుగా వంగి చూస్తూ టీ తాగుతోంది.

మా ఆయన నడుము కోసం రాశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. తప్పు గుంజ మీదికి పోతే నా సబ్బునీళ్ళు ఎవరికీ గుర్తుండవని లోపల సంతోషపడ్డాను. ఇది మా ఆయనకి కూడా చెప్పలేదు.

4. తమరు స్వయంగా విచారణకు వచ్చారు. గుర్తుందో లేదో. అత్తయ్య మెట్లు దిగుతూ కుంటింది. చెయ్యి విరిగిన మనిషి కుంటడమేమిటని తమరు అడగలేదు. ఆవిడని గుంజ పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. తరువాత రెండు చేతులూ జోడించి, "క్షమించండమ్మా. మనుషులకి దెబ్బలు తగలకూడదనే ఇవి పెట్టించాను. ఇలా అవుతుందనుకోలేదు" అన్నారు. అత్తయ్య "పర్లేదు నాయనా" అంది. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసింది.

వెళ్ళేటప్పుడు తమరు అర్జీ తిరగేసి "ఇది రాసిందెవరు? ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు" అన్నారు. నేను తలుపు వెనకాల ఉన్నాను. అయ్యా, నాకు గర్వం కలిగింది. ఈ కాగితంలో రాసుకున్న సిగ్గులన్నిటిలోనూ పెద్దది అదే.

5. ఈ అంశం చివర రాస్తాను. చోటు వదిలాను.

6. ఒక గురువారం పొద్దున కూలీలు వచ్చి గుంజలు పద్నాలుగూ పీకి బండిలో వేసుకుపోయారు. మావయ్య వీధందరికీ టీ పోయించారు. మధ్యాహ్నానికల్లా పచ్చ దారి మీద బళ్ళు నిలిచాయి. ఇంతకుముందు ఒక వరుస ఆగేది, ఇప్పుడు రెండు వరుసలు ఆగుతున్నాయి. ఆసుపత్రికి పోయే అంబులెన్సు కూత మా కిటికీ కిందే ఉండిపోతోంది, ముందుకి పోవడం లేదు. పచ్చ రంగు ఎక్కడుందో టైర్ల మధ్య వెతుక్కోవాలి. మా కొట్టు ముందు ఆటో ఆగుతుందని కదా అంత పని చేశాం? అక్కడ మావయ్య గారి పరుపుల వ్యాను రోజంతా ఆగి ఉంటోంది. మా ఆయన ఇప్పటికీ ఆ నూట నలభై అడుగులూ మోస్తున్నారు. వ్యాను తియ్యమని అడుగుదామంటే, "పెద్దాయన, మన కోసం తిరిగాడు, ఎట్లా అడుగుతాం?" అంటారు.

7. తమ కార్యాలయం వారు మందుల షాపు గోడకి నోటీసు అంటించారు. దారిని పూర్తిగా చెరిపివేయడానికి రెండు కారణాలు చూపించారు. ఒకటి, గుంజలు తగిలి ఒక వృద్ధురాలు గాయపడింది. రెండు, ఆ దారిలో సైకిల్ మీద వస్తున్న ఒక నర్సు తనంతట తానే అదుపు తప్పి పడింది. ఆ నోటీసు ముందు నేను చేతిసంచి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. రెండూ అబద్ధాలే. రెండూ నా వల్లనే పుట్టాయి. ఆ సంగతి నోరు విప్పి చెప్పవలసినదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే.

5. ఇప్పుడు రాస్తున్నాను.

గుంజలు పీకేశాక వచ్చిన మంగళవారం అది. కుట్టు నేర్పే బడివాళ్ళు మూడు మిషన్లు బాగుకి ఇస్తామంటే మా ఆయన, నేను వాళ్ళ వ్యానులోనే తీసుకొచ్చాం. మా ఆయన వెనకాల మిషన్ల దగ్గర కూర్చున్నారు. నేను ముందు, ఒళ్ళో దారం చుట్టే బాబిన్ల డబ్బా పెట్టుకుని. మా కొట్టు ముందు మావయ్య వ్యాను ఉంది కనుక దాని వెనకాల, చక్రాలు సగం పచ్చ దారి మీద, సగం రోడ్డు మీద ఉండేలా ఆపాడు డ్రైవరు. నా వైపు తలుపు పచ్చ దారి వైపు ఉంది. "త్వరగా దిగమ్మా, వెనక చంపేస్తున్నారు హారన్లతో" అన్నాడు.

గంట వినపడింది. రోజూ వినే గంటే. డ్యూటీ దిగి ఇంటికి పోతోంది ఆవిడ. కిటికీలోంచి విన్నట్టే విన్నాను, విని కూడా వెనక్కి చూడకుండా తలుపు నెట్టాను.

ఆవిడ తలుపుకి తగిలి ఫుట్‌పాత్ అంచు మీద పడింది. మెడ కింది ఎముక విరిగింది. మోకాలు చీరుకుపోయింది. నా ఒళ్ళోని బాబిన్లు పచ్చ రంగు మీద దొర్లుకుంటూ పోయాయి. గుంజలు ఉండి ఉంటే వ్యాను అక్కడికి వచ్చేది కాదు, నా తలుపు ఆవిడకి తగిలేది కాదు.

పోలీసాయన వచ్చి "ఎలా పడ్డావమ్మా?" అని అడిగాడు. మావయ్య గుమ్మంలోంచే, "సైకిళ్ళవాళ్ళు చూసుకుని తొక్కరు సార్" అని అందుకున్నారు. ఆవిడ నాకేసి చూసింది. నేను తలుపు మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను, మాట రాలేదు. సిగ్గరి పిల్ల అని అందరూ నన్ను ముద్దుగా అనేది ఈ నోరు చూసే. అప్పుడు ఆవిడ, "నేనే అదుపు తప్పాను సార్" అంది. ఆయన రాసుకున్నాడు.

నోటీసు చూసిన రోజు సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఒక చెయ్యి మెడలోంచి వేలాడే పట్టీలో ఉంది, ఇంకో చేత్తో బట్టలు మడతపెట్టుకుంటోంది. నేను మడతపెట్టడం మొదలుపెట్టాను.

"మీ అత్తగారి మణికట్టు అతికిందా?" అని అడిగింది.

"మీకెలా తెలుసు అక్కా?"

"ఆ రోజు ఆవిడ చీటీ రాసింది నేనే. స్నానాలగదిలో జారానని చెప్పింది. 'మా కోడలి ముందు ఆ మాట ఎత్తకమ్మా, ఇప్పటికే ఏడ్చి చస్తోంది' అని కూడా చెప్పింది. తర్వాత మీ వీధి కాగితంలో ఇంకోలా ఉందని విన్నాను."

"మరి ఎవరికీ చెప్పలేదేం అక్కా?"

"నువ్వు రోజూ కిటికీలో నిలబడి మమ్మల్ని చూస్తావు కదా. నువ్వే చెబుతావనుకున్నాను" అంది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. నా చేతిలో చీర మడత కుదరలేదు, విప్పి మళ్ళీ మడిచాను.

"పోలీసుకి అలా ఎందుకు చెప్పారు?" అని అడిగాను.

"నీ మొహం చూసి చెప్పాను. నీ పేరు రాసుకుంటే అక్కడే పడిపోయేట్టున్నావు. నా మాట పట్టుకుని దారే చెరిపేస్తారని నాకేం తెలుసు? మిగతా ముగ్గురూ సైకిళ్ళు మెట్ల కింద పెట్టేసి మళ్ళీ బస్సు కోసం నిలబడుతున్నారు." తరువాత బాగున్న చెయ్యి చాపి నాకు ఒకటి నేర్పింది. బండి తలుపుని పక్కనున్న చేత్తో తియ్యకూడదట, అవతలి చేత్తో తియ్యాలట. అప్పుడు ఒళ్ళు దానంతటదే తిరుగుతుంది, కళ్ళు వెనక్కి పోతాయి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మూడుసార్లు చేయించింది. మూడుసార్లూ వెనక గోడ కనిపించింది. అంత చిన్న పని అయ్యా.

నేను తమను కోరుకునేవి ఇవి.

అ) పాత అర్జీలో నాలుగో అంశం కొట్టివేయండి. అత్తయ్యతో తీసిన ఫోటో ఫైలులోంచి తీసివేయండి. ఆసుపత్రి చీటీ నకలు దీనికి జతచేశాను.

ఆ) నర్సమ్మ తనంతట తాను పడలేదని రాసుకోండి. తలుపు తీసినది కుట్టుమిషన్ల కొట్టువారి ఇల్లాలు అని రాసుకోండి. పోలీసువారికి కూడా ఈ కాగితమే పంపండి. అబద్ధపు అర్జీకి శిక్ష ఏదైనా ఉంటే అదీ నాకే. అత్తయ్య కుంటినది వయసు వల్ల అనుకోండి.

ఇ) గుంజలు తిరిగి పెట్టించండి.

ఈ) మందుల షాపు మూలనుంచి మా కొట్ల దాకా, గుంజలకి అవతల, రోడ్డు వైపు, సామాను దించడానికి పొద్దున రెండు గంటలు చోటు ఇప్పించండి. ఇది మొదటే అడగవలసిన మాట. తిన్నగా అడిగితే ఎవరూ వినరని మేమే అనుకున్నాం. తమరిని అడిగి చూడనే లేదు.

ఈ కాగితం సంగతి మా ఆయనకి తెలియదు. "ఆవిడే నేనే పడ్డానంది కదా, మనమెందుకు కదపడం?" అన్నారు ఆ రోజు. వీధి అంతా ఒక్క మాట మీద ఉంది. రేపటినుంచి మా మెట్లెక్కి కాగితం రాయించుకోవడానికి ఎవరూ రాకపోవచ్చు. మావయ్య మొహం ఎలా చూడాలో కూడా తెలియడం లేదు, పెళ్ళయి వచ్చిన రోజు నా పెట్టె మోసిన మనిషి. అయినా పంపుతున్నాను. పొద్దున ఆరూ ముప్పావుకి వీధిలో గంట లేదండి. కిటికీ దగ్గరికి వెళ్ళి ఉత్తినే నిలబడి వస్తున్నాను.

తమ తీరిక వేళ ఒక్కసారి పూర్తిగా చదివించుకొని చిత్తగించమని నా ప్రార్థన. విధేయురాలినని పోయినసారి ముప్పై ఒక్కమంది తరఫున రాశాను. ఈసారి నా ఒక్కదాని తరఫునే రాస్తున్నాను.

తమ విధేయురాలు,
కుట్టుమిషన్ల కొట్టు ఇల్లాలు

మరొక మాట. ఇది మడిచి కవరులో పెట్టేలోగా అత్తయ్య చూసి చదివి వినిపించమంది. విన్నది. "వయసు వల్ల కుంటానని రాస్తావా? కొట్టెయ్యి. సోమవారం నేనూ వస్తాను, తిన్నగా నడిచి చూపిస్తాను" అంది. కానీ కొట్టివేస్తే కాగితం పాడవుతుందని అలాగే ఉంచాను. తమరు కొట్టివేసినట్టు అనుకోగలరు.

మేం ఇలా అనుకుంటుండగా మా ఆయన భోజనానికి పైకి వచ్చారు. ఇంక దాచలేక కాగితం ఆయన చేతికే ఇచ్చాను. నిలబడే చదివారు. ఐదో అంశం దగ్గర చాలాసేపు ఆగారు. అన్నం తిన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, "లెక్క తప్పు రాశావే" అన్నారు.

"ఎక్కడ?" అన్నాను.

"పద్నాలుగు కాదు, పదిహేను. అర్జీకి ముందే ఒకటి నేను విప్పేశాను, తెల్లారకముందు, మన కొట్టు ఎదురుగా ఉన్నది. ఆటో దూరుతుందేమోనని. దూరలేదు."

కిందికి వెళ్ళి పని బల్ల కింద గుడ్డముక్కలు తీసి చూపించారు. నిజంగానే ఉంది, గుంజ. రోజూ ఊడుస్తూ చీపురుతో దాన్ని తడుతూనే ఉన్నాను, మిషన్ కాలనుకున్నాను.

కనుక పైన విషయం దగ్గర పద్నాలుగు అన్నచోట పదిహేను అని దిద్దుకోగలరు, కూలీలు పీకినవి మాత్రం పద్నాలుగే. సోమవారం దాన్ని ఆయనే భుజాన వేసుకుని తెస్తారట. నడుము సంగతి చెప్పినా వినడం లేదు. బోల్టులు నాలుగూ నూనె రాసి డబ్బాలో భద్రంగా ఉంచారు. తమరు సరేనంటే తన స్పానరుతో తానే బిగిస్తానంటున్నారు.